స్టోన్ గోడ వెనక ఉన్నది ఉప్పు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో క్రొయేషియా మీద రెండు పేజీల యాత్రా వ్యాసం వేశారు. దుబ్రోవ్నిక్ కోట ఫోటోలు చక్కగా వచ్చాయి. అక్కడ షూటింగు జరిగిన టీవీ సీరియల్ కబుర్లకే సగం పేజీ పోయింది. స్టోన్ అనే ఊరికి మాత్రం ఒక్క వాక్యం మిగిలింది: దగ్గర్లో చైనా గోడని తలపించే గోడ ఉంది, వీలుంటే చూడండి అని. ఆ గోడ ఎవరు కట్టారు, దేనికోసం కట్టారు, ఆ ఊళ్లో ఇవాళ మనుషులు ఏం చేసుకుని బతుకుతున్నారు అన్నది ఎక్కడా లేదు. ఆ గోడ వెనక ఉన్నది ఉప్పు. ఈ సంగతి తెలుగు పాఠకులకి, అందులోనూ మా చినగంజాం, కృష్ణపట్నం, నౌపడ ఉప్పు మళ్ల వాళ్లకి చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైనా కత్తిరించకుండా వేయమని మనవి.

మాది చినగంజాం. నేను పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా. మా తాతయ్య ఉప్పు పడవల మీద పనిచేసిన మనిషి. పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో పడవెక్కితే, గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టున నడుస్తూ భుజానికి తాడేసుకుని లాగుడు. అలా మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చి ఉప్పు దించి వెళ్లేవాడు. ఆ దోవ పట్టుకునే మా నాన్న తండయార్‌పేట చేరాడు. నేను పెరిగింది మద్రాసులోనే అయినా ఎండాకాలం సెలవులన్నీ ఉప్పు మళ్ల గట్ల మీదే గడిచాయి. కెమిస్ట్రీ చదివి, ఇక్కడే ఉప్పు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం పెరంబూరులో ఉంటున్నాను. స్టోన్ గురించి నేను మాట్లాడేది ఆ అనుభవంతోనే.

మా అమ్మాయి, అల్లుడు స్ప్లిట్ నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పోయిన వేసవిలో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు స్టోన్ తీసుకెళ్లమని నేనే అడిగాను. "అత్తయ్యగారూ, ఇదివరకైతే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లడం పెద్ద తలనొప్పి అయ్యేది" అన్నాడు మా అల్లుడు. కారణం మ్యాపు చూస్తే తెలుస్తుంది. స్ప్లిట్ నుంచి తీరం వెంట దక్షిణంగా వస్తే క్రొయేషియా నేల ఒక చోట తెగిపోతుంది. మధ్యలో నెయుమ్ దగ్గర ఇరవై కిలోమీటర్ల పాటు తీరం బోస్నియాది. ఆ కాస్త దూరానికీ రెండు సార్లు సరిహద్దు దాటాలి, రెండు చోట్లా పాస్‌పోర్టు చూపించాలి. మన పాస్‌పోర్టు మీద ఒక్కసారి ప్రవేశానికే వీసా ఇచ్చి ఉంటే బయటికి వెళ్లాక మళ్లీ లోపలికి రానివ్వరు. అందుకని అటువైపు వెళ్లే మనవాళ్లు ప్లోచే రేవులో ఫెర్రీ ఎక్కి సముద్రం దాటేవాళ్లట. 2022 జులై 26న పెల్యెషాత్స్ వంతెన తెరిచారు. పొడుగు 2,404 మీటర్లు. కట్టింది చైనా కంపెనీ, ఖర్చులో ఎక్కువ భాగం, 35.7 కోట్ల యూరోలు, యూరోపియన్ యూనియన్ భరించింది. దాని మీదుగా వెళ్తే బోస్నియాలో కాలు పెట్టకుండానే స్టోన్ చేరొచ్చు.

ఆ నేల తెగిపోవడం వెనక కూడా మూడొందల ఏళ్ల నాటి రాజకీయం ఉంది. దుబ్రోవ్నిక్ ఒకప్పుడు స్వతంత్ర రాజ్యం. రగూసా రిపబ్లిక్ అనేవాళ్లు. సైన్యం చిన్నది, ఓడలు ఎక్కువ, తెలివి ఇంకా ఎక్కువ. వాళ్లకి అసలు భయం ఇటలీ వైపున్న వెనిస్‌తో. 1699లో తురుష్కులకీ వెనిస్ కూటమికీ మధ్య కార్లోవిట్స్ సంధి జరిగినప్పుడు వెనిస్ సరిహద్దు తమ గుమ్మానికి తగలకుండా నెయుమ్ ముక్కని తురుష్క సుల్తానుకి వదిలేశారు. సుల్తాను పోయాడు, వెనిస్ పోయింది, రగూసా కూడా పోయింది, ఆ గీత మాత్రం నిలిచిపోయింది.

ఇక ఊరి సంగతి. పెల్యెషాత్స్ అనేది సముద్రంలోకి పొడుగ్గా సాగిన కొండల ద్వీపకల్పం. అది ప్రధాన భూభాగానికి అతుక్కునే చోట నేల బాగా ఇరుకవుతుంది. ఆ ఇరుకు నేలకి ఒక పక్క స్టోన్, రెండో పక్క మాలి స్టోన్, అంటే చిన్న స్టోన్. నడుమ కొండ. ఊరు చిన్నది, ఐదారొందల మంది ఉంటారు. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపిన మున్సిపాలిటీ మొత్తానికీ దాదాపు 2,400 మంది. మన చినగంజాం దానికన్నా చాలా పెద్దది.

1333లో రగూసా వాళ్లు ఈ ద్వీపకల్పాన్ని సెర్బియా రాజు స్తెఫాన్ దుషాన్ దగ్గర, బోస్నియా పాలకుడు రెండో స్త్యెపాన్ దగ్గర డబ్బిచ్చి తీసుకున్నారు. తీసుకున్న వెంటనే గోడ మొదలుపెట్టారు. ఊళ్లో ఇళ్ల ప్లాను ముందే గీసి, వీధులు తిన్నగా నిలువుగా అడ్డంగా కోసి, ఎవరికి ఎంత స్థలమో కేటాయించి జనాన్ని దించారు. ఇవాళ్టికీ ఆ వీధులే ఉన్నాయి. గోడ స్టోన్ నుంచి కొండెక్కి అవతల మాలి స్టోన్‌లోకి దిగుతుంది. మొత్తం ఏడు కిలోమీటర్లకి పైగా ఉండేదంటారు, ఇప్పుడు ఐదున్నర మిగిలింది. నలభై బురుజులు, ఐదు కోటలు. ఆనాటి పేరున్న కట్టడపు మేస్త్రీలంతా దీని మీద పనిచేశారు, వాళ్లలో స్థానికుడు పాస్కోయె మిలిచెవిచ్ ఒకడు. మాలి స్టోన్ వైపు కొరునా అనే కోట, దాని కింద రేవు, రేవు దగ్గర ఉప్పు కొఠారు కట్టారు. మళ్లలో తీసిన ఉప్పు కొండ ఇవతలి నుంచి అవతలికి చేరితే అక్కడి నుంచి పడవల్లో నెరెత్వా నది ముఖానికి పోతుంది.

గోడ ద్వీపకల్పానికంతటికీ కాపలా, అది నిజం. పొలాలు, ద్రాక్షతోటలు, మనుషులు అందరూ దాని వెనకే. కానీ అంత చిన్న రాజ్యం అంత రాయి మోసిందంటే అసలు కారణం కింద మళ్లలో మెరుస్తోంది. బోస్నియా కొండల్లో ఉప్పు లేదు. పశువులకి, మాంసం ఊరబెట్టడానికి, తోళ్లకి, జున్నుకి అన్నిటికీ ఉప్పు కావాలి. తీరం నుంచి గుర్రాల మీద, కంచరగాడిదల మీద ఉప్పు బస్తాలు లోపలికి పోయేవి, తిరుగు బాటలో వెండి, మైనం, తోళ్లు వచ్చేవి. ఉప్పు ఎక్కడపడితే అక్కడ అమ్మడానికి లేదు. ఆ తీరంలో దానికి నాలుగే సంతలు, నెరెత్వా ఒడ్డున ద్రియెవా వాటిలో ఒకటి. ఆ డబ్బుతో రగూసా బతికింది. 1481 నుంచి సుల్తానుకి ఏటా 12,500 బంగారు డ్యూకట్లు కప్పం కట్టి స్వాతంత్ర్యం నిలబెట్టుకున్న రాజ్యం అది. ఉప్పు రాబడి లేకుండా ఆ లెక్క సరిపడేది కాదు.

ఉప్పు చుట్టూ ప్రభుత్వం కంచె కట్టడం మనకీ కొత్త కాదు. ఉప్పు దొంగరవాణా ఆపడానికి ఇంగ్లీషువాళ్లు పంజాబు వైపు నుంచి ఒరిస్సా వైపు దాకా కస్టమ్స్ లైను పెట్టి, అందులో చాలా దూరం ముళ్లపొదల కంచె పెంచారు. 1879లో ఎత్తేశారు. పన్ను మాత్రం పోలేదు. 1930లో టంగుటూరి ప్రకాశం గారు, కాశీనాథుని నాగేశ్వరరావు గారు, దుర్గాబాయి గారు ఈ మద్రాసు సముద్రపొడ్డునే ఉప్పు సత్యాగ్రహం నడిపారు. మా వైపు దేవరంపాడు శిబిరం పేరు చెప్తే పెద్దవాళ్లు ఇప్పటికీ లేచి కూర్చుంటారు. కాబట్టి స్టోన్ గోడని చూసి ఆహా ఓహో అనుకుంటూనే ఒక మాట గుర్తుంచుకోవాలి. గోడ కాపాడింది రాజ్యం గుత్తాధిపత్యాన్ని. మళ్లలో దిగిన మనిషికి అందులో ఎంత దక్కిందో గోడ చెప్పదు.

ఉప్పు మళ్లు ఊరికి ఆనుకునే ఉన్నాయి. టికెట్టు కొని లోపలికి పోవచ్చు. నేను గోడ మీద మొదటి బురుజుల దాకా ఎక్కి దిగాను, మోకాళ్లు అంతకన్నా ఒప్పుకోలేదు. మిగతా రోజంతా మళ్ల దగ్గరే గడిపాను. అక్కడ కాపలాగా ఉన్న పెద్దాయన మొదట నన్ను మామూలు టూరిస్టు అనుకుని చేతిలో కాగితం పెట్టాడు. మా అమ్మాయి చేత ఒక్క ప్రశ్న అడిగించాను: మీరు ఆఖరి మడిలోకి నీళ్లు ఎన్ని బామే డిగ్రీల దగ్గర వదులుతారు? ఆయన మొహం మారిపోయింది. లోపలికి వెళ్లి తన హైడ్రోమీటరు తెచ్చి చూపించాడు.

తెలియని పాఠకుల కోసం చెప్తాను. బామే అంటే ఉప్పునీటి చిక్కదనాన్ని చెప్పే కొలత, హైడ్రోమీటరు నీళ్లలో తేలేసి చూస్తారు. సముద్రపు నీళ్లు బామే కొలతలో మూడు, మూడున్నర డిగ్రీలుంటాయి. ఎండకి ఇగిరే కొద్దీ మడి నుంచి మడికి తిప్పుతారు. మధ్యలో జిప్సం కింద పేరుకుంటుంది, దాన్ని అక్కడే ఆపేయాలి. ఇరవై అయిదు డిగ్రీలు దాటాక ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ముప్ఫైకి దగ్గర పడే లోపు మిగిలిన నీళ్లు తోడేయాలి, లేకపోతే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీల్చుకుంటుంది. స్టోన్‌లోనైనా చినగంజాంలోనైనా ఈ లెక్క మారదు. మారేది నేల, సముద్రం. మా దగ్గర మడి అడుగు బంకమన్ను. సీజను ముందు గట్లు వేసి, నీళ్లు పెట్టి, కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. అక్కడ ఉప్పు తేలే మళ్లకి అడుగున రాతి పలకలు పరిచారు, అందుకని మన్ను కలవని తెల్లటి ఉప్పు వస్తుంది. ఏడ్రియాటిక్ నీళ్లలో లీటరుకి 38 గ్రాముల దాకా లవణాలుంటాయి. మన బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, గంగ అన్నీ మంచినీళ్లు తెచ్చి పోస్తాయి కాబట్టి మన సముద్రం దానికన్నా పల్చన. ఎండ మాత్రం మనది చాలా గట్టిది. వాళ్ల సీజను ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, వేసవి నడుమ ఒక్క గట్టి వాన పడితే వారాల పని పోతుంది. ఆ మాట ఆ పెద్దాయన చెప్తుంటే మా తాతయ్య గుర్తొచ్చాడని నేను ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

వాళ్ల ఉప్పు తేలే మళ్లకి పేర్లున్నాయి. చాలావాటికి వాళ్ల దైవభక్తుల పేర్లు: ఫ్రాన్సిస్, నికొలస్, ఆంటొనీ, జోసెఫ్, పీటర్, పాల్. ఒకదానికి మాత్రం ముందో అని, ప్రపంచం అనే అర్థం. ఉప్పు చేత్తోనే లాగుతారు, చెక్క పలక కట్టిన పొడుగాటి కర్రతో. కుప్పల్ని చిన్న పట్టాల మీద తోపుడు బండ్లలో కొఠారుకి చేరుస్తారు. వేసవిలో వేరే దేశాల కుర్రాళ్లు స్వచ్ఛందంగా వచ్చి, తిండీ మకాం ఇస్తే చాలనుకుని ఉప్పు లాగుతారు. ఆ కొద్దిపాటి ఉప్పు దేశానికి మూలకి కూడా చాలదు. క్రొయేషియాలో ఎక్కువ ఉప్పు తయారయ్యేది పాగ్ దీవిలో. స్టోన్ మళ్లు నడుస్తున్నది ఉప్పు తూకంతో కాదు, పని జరుగుతుండగా చూడ్డానికి జనం వస్తారు కాబట్టి. నా ఉత్తరం మొత్తంలో నేను అందరి చెవినీ వేయాలనుకున్నది ఈ ఒక్క సంగతే.

ఆ పెద్దాయనని అయోడిన్ గురించి కూడా అడిగాను. నా ఉద్యోగమంతా అదే. ఉప్పులో అయోడిన్ ఎంతుందో కొలవడానికి థయోసల్ఫేట్ ద్రావణం చుక్క చుక్కగా పోస్తూ, గంజి నీలం రంగు ఎప్పుడు విరుగుతుందా అని చూడటం. ఆయనకి వివరాలు తెలియవు గానీ క్రొయేషియా కథ నాకు పుస్తకాల్లో తెలుసు. ఆ దేశం లోపలి కొండల్లో అయోడిన్ చాలక వచ్చే గొంతు వాపు వ్యాధి, అంటే గాయిటర్, విపరీతంగా ఉండేది. జాగ్రెబ్ దగ్గర సమోబోర్ పక్కన రూదె అనే పల్లెలో యోసిప్ మతొవినోవిచ్ అనే డాక్టరు దాన్ని పరిశీలించారు. 1953లో చట్టం చేసి ఉప్పులో అయోడిన్ కలపడం తప్పనిసరి చేశారు. అది చాలలేదని 1996లో పెంచి, కిలోకి 25 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ ఉండాలన్నారు. మన దేశంలో చెమ్మకి నిలబడాలి కాబట్టి అయోడైడ్ కాకుండా అయోడేట్ కలుపుతాం. సముద్రం ఉప్పునిచ్చింది, కొండల్లోని మనుషులకి అది చేరింది, కానీ మామూలు ఉప్పు చేరినంత మాత్రాన గొంతు వాపు పోదు. ఉప్పు బాటలు వేసినవాళ్లకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఈ విషయంలో మనం గర్వంగా చెప్పుకోవలసిన తెలుగువాడు ఒకరున్నారు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక ప్రాంతానికి అయోడిన్ ఉప్పు, ఇంకో ప్రాంతానికి మామూలు ఉప్పు పంచి, ఏళ్ల తరబడి పిల్లల గొంతులు చూసి లెక్కలు తీశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట వ్యాధి తగ్గిపోయింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి అదే పునాది. స్టోన్ ఉప్పు మళ్ల గట్టున నిలబడి మా అమ్మాయికి ఆయన పేరు చెప్పాను. తనకి తెలియదు. మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మీ ఆదివారం పేజీలో ఆయన మీద ఒక వ్యాసం వేయండి.

తిరిగి స్టోన్‌కి వస్తాను. 1808లో నెపోలియన్ సేనాని రగూసా రిపబ్లిక్‌ని రద్దు చేశాడు. తర్వాత ఆస్ట్రియా పాలన. గోడకి పని లేకుండా పోయింది. రాళ్లు ఊడదీసి బడులు, కచేరీలు కట్టారు. ఆస్ట్రియా చక్రవర్తి వస్తున్నాడంటే స్వాగత తోరణానికి కూడా ఆ రాళ్లే వాడారు. 1991లో యుగోస్లావ్ సైన్యం దుబ్రోవ్నిక్‌ని ముట్టడించినప్పుడు యుద్ధం స్టోన్ దాకా వచ్చి ఆగింది. యుద్ధం అయిపోయి జనం ఊపిరి పీల్చుకున్నారో లేదో, 1996 సెప్టెంబరు 5న భూకంపం వచ్చింది. తీవ్రత 6.0. ఇళ్లు పగిలాయి, గోడ చాలా చోట్ల కూలింది. ఊరు మళ్లీ లేవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ మనం ఫోటోల్లో చూసే గోడ ఆ తర్వాత రాయి రాయి ఎత్తి నిలబెట్టింది. ఊరి పక్క చిన్న గుట్ట మీద సెయింట్ మైకేల్ గుడి ఉంది, గోడకన్నా కూడా పాతది. అందులో పదకొండో శతాబ్దపు చిత్రాలున్నాయి, కిరీటం పెట్టుకున్న రాజు గుడి నమూనా చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంటాడు. నేను వెళ్లిన రోజు తలుపు మూసి ఉంది, చూడలేకపోయాను.

ఇక ఇప్పటి బతుకు. ఉప్పు తర్వాత ఆ ఊరికి ఆధారం ఆల్చిప్పలు. ఉప్పు మళ్లున్న పక్క చిక్కటి ఉప్పునీరు. కొండ దాటితే మాలి స్టోన్ అఖాతంలో అడుగు నుంచి మంచినీటి ఊటలు, దూరం నుంచి నెరెత్వా నది నీరు వచ్చి కలుస్తాయి. ఆ పల్చటి నీళ్లలో యూరప్ జాతి చదును ఆల్చిప్ప పెరుగుతుంది. తాళ్లకి కట్టి నీళ్లలో వేలాడదీసి పెంచుతారు. ఏటా మార్చి 19న, సెయింట్ జోసెఫ్ పండగ రోజుల్లో, ఆల్చిప్పల పండగ చేస్తారు. మేం పప్పన్నం వాళ్లం, నేను తినలేదు. మా మనవడు నిమ్మకాయ పిండుకుని రెండు తిన్నాడు. నేను తిన్నది స్టోన్ కేకు. పిండి పొర లోపల ఉడికించిన మాకరోనీ, అక్రోటు పప్పు, చక్కెర, దాల్చినచెక్క వేసి బేక్ చేస్తారు. సేమ్యాతో తీపి చేసుకునే మనకి అది వింతగా అనిపించదు.

ఎండాకాలం ఊరు టూరిస్టుల మీద నడుస్తుంది. చలికాలం సగం షాపులు మూతేనట. దేశం మొత్తంలోనే జనం తగ్గుతున్నారు. 2011 లెక్కల్లో 42 లక్షల 80 వేలు దాటిన జనాభా 2021కి 38 లక్షల 70 వేలకి దిగింది. యూరోపియన్ యూనియన్‌లో చేరాక కుర్రాళ్లు జర్మనీకి, ఐర్లాండ్‌కి వెళ్లిపోయారు. ఆ ఖాళీల్లోకి మన వైపు నుంచి వెళ్తున్నారు. మేం భోంచేసిన హోటల్లో వడ్డించిన కుర్రాడు నేపాలీ. వంటింట్లో ఒకతను కాకినాడ దగ్గరి వాడు. నా చీర చూసి బయటికి వచ్చి "అమ్మా, మీరు తెలుగువాళ్లా?" అని పలకరించాడు. సీజను అయిపోయాక ఎక్కడ ఉంటావు నాయనా అంటే, ఇంకా తెలియదమ్మా అన్నాడు. ఏజెంటుకి కట్టిన డబ్బు గురించి అడిగితే మాట మార్చాడు. క్రొయేషియా వెళ్లాలనుకునే మన పిల్లలకి ఉద్యోగ పర్మిట్ల గురించి మీ పత్రిక సరైన సమాచారం ఇవ్వాలి, అది దుబ్రోవ్నిక్ ఫోటోలకన్నా అవసరం.

ఇప్పుడు మన ఒడ్డు చూడండి. ప్రపంచంలో ఉప్పు తయారీలో చైనా, అమెరికా తర్వాత మనమే. అందులో సింహభాగం గుజరాత్‌ది, తర్వాత తమిళనాడు. మన ఆంధ్ర తీరం వాటా చిన్నది, కానీ పని పాతది. చినగంజాంలో జనవరి నుంచి వానల దాకా మళ్ల మీద ఇప్పటికీ మనుషులుంటారు. తెల్లటి ఎండ కళ్లలోకి కొడుతుంటే ఆడవాళ్లు తట్టలతో ఉప్పు మోసి గట్టున కుప్పలు పోస్తారు, పైన తాటాకులు కప్పుతారు. మా పెదనాన్న వాళ్ల మళ్లు ఇప్పుడు రొయ్యల చెరువులు. పక్కవాళ్లవీ అంతే. ఇక్కడ చెన్నై ఉత్తరాన ఎన్నూరు, అత్తిపట్టు ఉప్పు మళ్లు చాలామటుకు రేవులకీ, కరెంటు ఫ్యాక్టరీలకీ పోయాయి, ఎన్నూరు పాయలో బూడిద పేరుకుంది. 1876-78 కరువులో ఆకలితో ఉన్న జనం చేత కొంత భాగం తవ్వించిన బకింగ్‌హామ్ కాలువ, తెలుగు ఉప్పు ఈ నగరానికి వచ్చిన దారి, ఇవాళ బేసిన్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసుకుంటే తప్ప దాటలేం. ఎలివేటెడ్ రైలు స్తంభాలు నిలబెట్టింది కూడా ఆ కాలువలోనే. సాల్ట్ కోటర్స్ గూడ్స్ యార్డు ముందు నుంచి రోజూ వేలమంది తెలుగువాళ్లు రైళ్లలో పోతారు. అక్కడ ఒకప్పుడు నిలవచేసింది ఉప్పని, అది తెచ్చినవాళ్లలో మన పడవ మనుషులున్నారని చెప్పే బోర్డు ఒక్కటీ లేదు.

స్టోన్‌లో ఐదారొందల మంది చేసింది మనం ఎందుకు చేయలేం? చినగంజాంలో పాత పద్ధతిలో నడిచే నాలుగు మళ్లని అలాగే ఉంచి, పని జరిగే రోజుల్లో టికెట్టు పెట్టి జనానికి చూపించాలి. టికెట్టు డబ్బులో వాటా మళ్లలో దిగేవాళ్లకి చేరాలి. పక్కనే దేవరంపాడు, కాలువ మొదలయ్యే పెదగంజాం ఉన్నాయి. ఒక్క రోజులో మూడూ చూడొచ్చు. బడి పిల్లలకి బామే డిగ్రీలు, జిప్సం, మెగ్నీషియం అన్నీ పాఠంలో కాకుండా కళ్లెదుట కనిపిస్తాయి. ఇది ఉప్పు శాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే అయ్యే పని. ఉప్పు రైతులు అడగరు. వాళ్లకి కుప్ప మీద ధర వస్తుందా రాదా అన్నదే రోజువారీ ఆందోళన. ఆ తరఫున అడగవలసింది పత్రికలే.

కాబట్టి నా మనవి రెండు ముక్కల్లో. స్టోన్ గురించి వేసిన ఆ ఒక్క వాక్యాన్ని అలాగే వదిలేయకండి, ఈ ఉత్తరంతో పాటైనా ఆ ఊరి ఉప్పు మళ్ల ఫోటో ఒకటి వేయండి. రెండోది, ఈ సీజనులో ఒక విలేఖరిని, ఫోటోగ్రాఫరుని చినగంజాం పంపండి. మళ్లలో పనిచేసే ఆడవాళ్లని వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లో రాయించండి. దారి చూపించడానికి, హైడ్రోమీటరు పట్టుకుని లెక్క వివరించడానికి నేను సొంత ఖర్చుతో వస్తాను. నా అడ్రసు మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. జనవరి ఆఖరు నుంచి ఎప్పుడైనా సరే, తెల్లవారుజామున వెళ్తే మంచిది, తొమ్మిది దాటాక ఎండకి నిలబడలేం. జూన్ వానలు పడితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉప్పు కెమిస్టు,
పెరంబూరు, చెన్నై.